జిప్పులమ్మ కొండెక్కిన వైనం

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. గుర్తింపు కార్డు మీద తప్ప అది ఇంకెక్కడా కనబడదు. వీధి మొత్తానికీ ఆమె జిప్పులమ్మ. కట్టుకున్న మొగుడు కూడా ఫోనులో ఆమె నంబరుకి ఆ పేరే పెట్టుకున్నాడు.

మందుల షాపుకీ తాళాలు చేసే కొట్టుకీ మధ్య, పై అంతస్తులకు వెళ్ళే మెట్ల కింద ఇరుక్కుపోయిన గది ఆమె దుకాణం. కప్పు కూడా మెట్లతో పాటే కిందికి వాలి ఉంటుంది కాబట్టి లోపలికి వచ్చినవాళ్ళు మూడో అడుగులో నెత్తి కొట్టుకుంటారు. కొట్టుకున్నాక ఆమె తల ఎత్తకుండానే "తల జాగ్రత్తండీ" అంటుంది. ఒక కుట్టు మిషను, ఒక స్టూలు, మూడు బిస్కెట్ డబ్బాల్లో సైజుల వారీగా జిప్పు లాగే రన్నర్లు, ఒక ప్లయరు, ఒక కొవ్వొత్తి ముక్క. ముప్పై ఏళ్ళుగా ఇదే సరంజామా. ప్రయాణాల పెట్టెలు, స్కూలు బ్యాగులు, తోలు కోట్లు, ఒకసారి ఎవరిదో పిల్లిని మోసుకెళ్ళే సంచీ, అదీ పిల్లితో సహా, ఆ బల్ల మీదికి వచ్చాయి. "జిప్పు తనంతట తాను పాడవదండీ, మనుషులు పాడుచేస్తారు" అనేది ఆమె సిద్ధాంతం. తప్పు ఎవరిదో తేల్చి, నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే చెయ్యి వేసేది.

అలాంటి జిప్పులమ్మ తన యాభై మూడో ఏట హిమాలయాల్లో ఏడు వేల మీటర్ల పైచిలుకు శిఖరం ఎక్కడానికి బయల్దేరింది. దీనికంతటికీ మూలపురుషుడు పళ్ళ డాక్టరు.

మంచి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. అలాంటి వేళ వీధి చివర నుంచి ఎర్రటి పరుపు ఒకటి రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చింది. వెనకాల రెండు కుక్కలు, మొరగాలో వద్దో తేల్చుకోలేక ఊరికే వెంబడిస్తున్నాయి. తాళాలు చేసే అతను ఆకురాయి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. పరుపు జిప్పులమ్మ కొట్టులో దూరి, నెత్తి కొట్టుకుని, "అమ్మా, నన్ను బయటికి తియ్యండి" అంది.

లోపల ఉన్నది రెండు వీధుల అవతల క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరు. బాతు ఈకలు కూరిన ఆ సూటు మంచు కొండల మీద వేసుకునేది. పార్సిల్లో వస్తే, ఎలా ఉందో చూద్దామని ఇంట్లో తొడుక్కున్నాడు. గొంతు దాకా లాగిన జిప్పు అక్కడే బిగుసుకుపోయింది. ఇంట్లో మరో మనిషి లేడు. అరగంట పెనుగులాడి, ప్రాణం మీదికి వచ్చాక, ఉన్నపళంగా రోడ్డున పడ్డాడు.

"ఎవరు లాగమన్నారండీ అంత జోరుగా? లోపలి బట్ట పళ్ళలో పడింది" అంది జిప్పులమ్మ.

"పళ్ళ సంగతి నాకు తెలుసమ్మా. ముందు ఊపిరాడేలా చూడండి."

"మీకు తెలిసిన పళ్ళు వేరు. కదలకండి. నోరు మూసుకోండి."

రోజూ పాతికమందిని నోరు తెరవమనే డాక్టరు బుద్ధిగా నోరు మూసుకున్నాడు. ఆమె కొవ్వొత్తి ముక్కతో నాలుగు రుద్దులు రుద్ది, చిక్కిన బట్టను పక్కకి వాల్చి లాగి, రన్నరును రెండు వేళ్ళతో బుజ్జగించింది. సర్రుమని దిగింది. నీళ్ళలో ముంచి తీసినట్టున్న డాక్టరు బయటపడి, గ్లాసు మీద గ్లాసు మంచినీళ్ళు తాగాడు.

"ఇది వేసుకుని ఎక్కడికండీ?"

"హిమాలయాలకి. ముప్పై ఏళ్ళ కల. గైడులు దగ్గరుండి తీసుకెళ్తారు. నలభై రోజులు."

"పైన ఏముంటుంది?"

"ఏముంటుంది, మంచు."

"మరెందుకు?"

డాక్టరు ఇంకో గ్లాసు మంచినీళ్ళు అందుకున్నాడు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "అక్కడ ఈ జిప్పు ఇలాగే పట్టేస్తే ఎవరు తీస్తారు?"

ఆయన ముఖం పాలిపోయింది. "అక్కడ ఎవరూ ఉండరమ్మా."

డాక్టరు వెళ్ళిపోయాడు గానీ ఆ మాట మాత్రం కొట్టులోంచి కదల్లేదు. జిప్పు పాడైతే ప్రాణం పోయే చోటు ఒకటి ఉందనీ, అక్కడ జిప్పు బాగుచేసే మనిషి ఒక్కరూ లేరనీ ఆమె మాటిమాటికీ తలుచుకుంది. ఇన్నాళ్ళూ స్కూలు బ్యాగుల దగ్గర కాలక్షేపం చేస్తున్నట్టు అనిపించింది.

రెండు వారాల తర్వాత డాక్టరు మళ్ళీ వచ్చాడు, దిగాలుగా. తనతో రావలసిన బావమరిది కొండ బూట్లు అలవాటు చేసుకుందామని వీధిలో నడుస్తూ, ఫుట్‌పాత్ మీంచి కాలు జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కట్టిన సొమ్ము యాత్ర నడిపేవాళ్ళు వెనక్కివ్వరు. చోటు ఖాళీ.

"నేను వస్తాను" అంది జిప్పులమ్మ.

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాసేపటికి డాక్టరు కూడా నవ్వడం మానేశాడు.

ఇంట్లో చెప్పడం ఇంకో కొండ. మొగుడు బస్సు డ్రైవరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ముప్పై అయిదేళ్ళు ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపినవాడు, బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటాడు.

"ఏమే, నువ్వు వెళ్తానంటున్నది కొండకి. బజారుకి కాదు."

"తెలుసండీ."

"పడితే?"

"తాడు కడతారట."

"తాడు తెగితే?"

"కుడతాను."

ఆ పెద్దమనిషి తల్లి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాడు. అత్తగారికి ఎనభై ఒకటి, చెవులు తనకు ఇష్టమైనప్పుడే పనిచేస్తాయి. "ఎవరు కొండెక్కారు?" అంటూ మంచం మీద కంగారుగా లేచి కూర్చుంది. దీపాలు కొండెక్కడం, ధరలు కొండెక్కడం తెలుసు గానీ, ఇంట్లో మనిషి కొండెక్కడం ఆవిడ ఎన్నడూ వినలేదు. విషయం మూడుసార్లు చెప్పించుకుంది. కోడలిని ఎగాదిగా చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అక్కడ బాత్రూముకి ఎలాగే?"

ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మర్నాడు డాక్టరును పిలిపించారు. ఆయన సిగ్గుపడుతూ ఎర్ర సూటును బోర్లా పరిచి, నడుము కింద అర్ధచంద్రాకారంగా తిరిగి ఉన్న జిప్పు చూపించాడు. అత్తగారు కళ్ళజోడు తెప్పించుకుని, దాన్ని మూడుసార్లు తెరిచి మూసి చూసింది. "బాగానే ఆలోచించారు. వెళ్ళిరా అమ్మాయ్" అంది.

యాత్ర నడిపే లీడరు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. సన్నగా, ఎండుపుల్లలా ఉంటాడు. నవ్వు ముఖం కాదు. డాక్టరీ పరీక్షలన్నీ చేయించి, గుండె గట్టిదని తేలాక, ఊరి బయట గుట్ట దగ్గరికి రమ్మన్నాడు. పదిహేను కిలోల బరువు వీపున వేసుకుని రెండు గంటల్లో పైకి రావాలి.

ఆయనకు తెలియని విషయం ఒకటుంది. జిప్పులమ్మ ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఎప్పుడు పనిచేసిందో ఆ మేడలో ఎవరికీ గుర్తు లేదు. ముప్పై ఏళ్ళుగా బట్టల మూటలు మోస్తూ రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగిన కాళ్ళవి. దానికి తోడు నెల రోజులుగా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను సంచీలో పెట్టి వీపుకి తగిలించుకుని ఆ మెట్ల మీదే సాధన చేస్తోంది. మొగుడు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఎన్నోసారి ఎక్కుతోందో పైకి వినబడేలా అరిచేవాడు. రెండో అంతస్తు వాళ్ళు నిద్ర చెడుతోందని గొడవ పెట్టుకున్నారు.

గంటన్నరకే గుట్ట మీద ఉంది. లీడరు వాచీ రెండుసార్లు చూసుకున్నాడు. జిప్పులమ్మ ఆయన సంచీ వంక చూసి, "దీని జిప్పు ఇలా చేసిందెవరండీ?" అని అడిగింది.

లీడరు కొంచెం తటపటాయించి, "నేనే" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది."

అక్కడే ప్లయరు తీసి రన్నరు నొక్కి సరిచేసి ఇచ్చింది. లీడరు జిప్పును అటూ ఇటూ లాగి చూసి, జాబితాలో ఆమె పేరు, ఆ గుర్తింపు కార్డు మీది పేరు, రాసుకున్నాడు.

బేస్ క్యాంపు అంటే రాళ్ళ మీద, మంచు మీద వేసిన గుడారాల ఊరు. మొదటి మూడు రోజులు తలలో ఎవరో మిషను తొక్కుతున్నట్టే ఉంది ఆమెకు. అన్నం సయించలేదు. బూటు తాడు కట్టుకోవడానికి వంగితే మెట్లెక్కినంత ఆయాసం. ఎందుకొచ్చానురా దేవుడా అని ఏడుపొచ్చి, ఏడిస్తే ముక్కు దిబ్బడ వేసి ఊపిరి మరీ కష్టమవుతుందని మానుకుంది. నాలుగో రోజుకి తలపోటు దిగింది. లేచి కూర్చుని చూస్తే, చుట్టూ జిప్పులే. గుడారానికి జిప్పు, పడుకునే సంచీకి జిప్పు, కోటుకి, సూటుకి, మందుల పెట్టెకి. ఆ ఊళ్ళో తలుపులన్నీ జిప్పులే. అన్నీ మంచు పట్టి, ఇసుక పట్టి, మొండికేసి ఉన్నాయి.

ఆమె సంగతి బయటపడింది ఇన్సూరెన్సు ఆయన వల్ల. ఆయన కూడా వీళ్ళ జట్టులోవాడే. పొద్దస్తమానం ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుని, "మిత్రులారా, మృత్యువు అంచున నిలబడి మాట్లాడుతున్నాను" అంటూ ఉంటాడు, వంట గుడారం పక్కన నిలబడి. ఒక ఉదయం ఆయన మరుగుదొడ్డి గుడారంలోకి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. తర్వాత కేకలు.

"ఎవరైనా రండి! జిప్పు రావడం లేదు!"

అయిదారుగురు పరిగెత్తారు. ఒకరు కత్తితో కోద్దామన్నారు. జిప్పులమ్మ ఆ కత్తి లాక్కుంది.

"లోపల ఏం చేశారండీ మీరు?" అని గుడ్డ మీద నోరు పెట్టి అడిగింది.

"నేను చేసేది మీకెందుకు!"

"జిప్పుని ఏం చేశారని అడుగుతున్నా."

"బిగుసుకుపోతే, కరుగుతుందని నోటితో వేడి గాలి ఊదాను."

"ఊదితే తడి చేరి ఇంకా గడ్డకడుతుంది! మంచులో జిప్పుని ముద్దు పెట్టుకుంటారా ఎవరైనా? చేతి తొడుగు తీసి, అరచేత్తో రన్నరుని గట్టిగా పట్టుకోండి. వంద అంకెలు లెక్కపెట్టండి. పైకి లెక్కపెట్టండి, నాకు వినబడాలి."

ఇన్సూరెన్సు ఆయన వంద లెక్కపెట్టాడు. బయట నిలబడ్డ వాళ్ళలో నలభై దగ్గర కొందరు గొంతు కలిపారు. నూరో అంకెకి ఆమె బయట నుంచి కొవ్వొత్తి రుద్ది లాగితే వచ్చేసింది. ఆ రోజు ఆయన ఫోనులో మిత్రులకు ఏమీ చెప్పలేదు.

అంతే, ఆ సాయంత్రం నుంచి ఆమె గుడారం ముందు వరస కట్టారు. పక్క జట్ల వాళ్ళు, ఏ దేశం వాళ్ళో, ఏ భాష వాళ్ళో, చిరిగినవీ పట్టేసినవీ చంకలో పెట్టుకుని నిలబడేవారు. ఆమె తెలుగులోనే తిట్టేది. తిట్టు అన్ని భాషల వాళ్ళకీ అర్థమయ్యేది. వాళ్ళ జట్టు పెద్ద గైడు, ఆ కొండల మనిషి, పొట్టిగా దిట్టంగా ఉంటాడు. మన భాష సగమే వచ్చు. అతను దూరంగా కూర్చుని టీ తాగుతూ ఈ తంతు చూసి నవ్వుకునేవాడు. "అక్కా, నువ్వు పైకి వెళ్తే కింద వీళ్ళ గతేమిటి?" అనేవాడు.

"నేనేమైనా శిఖరం కోసం వచ్చానా తమ్ముడూ? జిప్పుల కోసం వచ్చాను. నడిచినంత దూరం నడుస్తాను" అనేది ఆమె. అందరికీ అదే చెప్పింది. తనకు తాను కూడా.

మూడు వారాలు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. బూట్ల కింద ఇనుప ముళ్ళు కట్టుకుని మంచు గోడల మీద నడవడం నేర్చుకుంది. గైడు బిగించిన తాడును చూసి, "ఈ ముడి బాగా వేశావు" అని మెచ్చుకుంది. మొదటి క్యాంపు దగ్గర ఇన్సూరెన్సు ఆయన తలనొప్పితో వెనుదిరిగాడు. కుటుంబ బాధ్యతలు గుర్తొచ్చాయని ఫోనుకి చెప్పాడు.

ఆఖరి రోజు తెల్లవారకముందే బయల్దేరారు. గైడు ముందు, మధ్యలో జిప్పులమ్మ, వెనక డాక్టరు, ఆయన వెనక ఇంకో గైడు. లీడరు కింది క్యాంపులో వైర్‌లెస్ దగ్గర. ఒకటే నియమం పెట్టాడు. పన్నెండు గంటలకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, ఎవరూ ఎదురు చెప్పకూడదు. పది అడుగులు, ఆగడం. పది అడుగులు, ఆగడం. ఆమె మెట్లు లెక్కపెట్టుకుంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. రెండొందలో అంతస్తు దాటాక లెక్క తప్పింది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా గుండ్రటి మంచు దిబ్బ మీదికి చేరారు. ఇక ఎక్కడానికి పైన ఏమీ లేదు. జిప్పులమ్మ చేతులు రెండూ పైకెత్తింది. కళ్ళెత్తి చూసింది.

ముప్పై ఏళ్ళుగా ఆమె చూపు జానెడు దూరం దాటింది లేదు. బల్ల మీద ఉన్న పళ్ళు, పళ్ళ మీద రన్నరు, అంతే. ఇక్కడ ఎదురుగా పట్టుకోవడానికి ఏదీ లేదు. కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు. చూపు ఎక్కడ ఆనాలో తెలియక తూలింది. భయమేసి తన బూటు వంక చూసుకుంది. కాసేపు ఆగి మళ్ళీ ఎత్తింది. ఈసారి కొంచెం దూరం వెళ్ళగలిగింది. ఇంకోసారి ఎత్తితే ఇంకా దూరం.

"వచ్చేశాం కదా తమ్ముడూ" అంది.

గైడు తల అడ్డంగా ఊపి చెయ్యి చాపాడు. సన్నటి గట్టు ఒకటి ముందుకు సాగి, దాని చివర ఇంకో దిబ్బ, ఈ దిబ్బ కన్నా కాస్త ఎత్తుగా, తెల్లగా, తాపీగా కూర్చుని ఉంది. "అది పైభాగం. ఇది కాదు."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. రావడానికి అరగంట. టైము అయిపోయింది అక్కా. మబ్బు చూడు."

ముప్పై ఏళ్ళ కల డాక్టరుది. అందరూ ఆయనే గొడవ చేస్తాడనుకున్నారు. గొడవ చేసింది జిప్పులమ్మ.

"నలభై నిమిషాలేగా! గబగబా వెళ్ళొచ్చేస్తాం. మబ్బు అల్లంత దూరాన ఉంది. ఇంతదూరం వచ్చి, వీధి మొగదాకా వచ్చి ఇంట్లోకి వెళ్ళకుండా పోతామా?" వైర్‌లెస్ లాక్కుని లీడరుతోనూ బేరం పెట్టింది. "పన్నెండు అంటే పన్నెండే" అని అవతల నుంచి గరగరలాడింది. "అయితే నేనిక్కడే ఉంటా" అని మంచులో చతికిలబడింది. జిప్పుల కోసమే వచ్చానని ఊరంతా చాటిన మనిషి, ఆ తెల్లటి దిబ్బ తనకు కావాలని, బతుకులో ఏదీ అంతగా కావాలనుకోలేదని, అప్పుడే తెలుసుకుంది. చిన్నపిల్లలా ఏడ్చింది.

డాక్టరు వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, నాకూ ఏడుపొస్తోంది. కింద ఏడుద్దాం. ఇప్పుడు నోరు మూసుకుని లేవండి."

ఆ మాటకు నోరు మూసుకుంది. లేచింది.

కిందికి దిగి బేస్ క్యాంపు చేరాక తిన్నగా గుడారంలోకి వెళ్ళి తలుపు లాగేసుకుంది. మర్నాడు వరసలో వాళ్ళు వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. లీడరే తన పడుకునే సంచీతో రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాడు. ఆఖరికి గైడు తెగిన సంచీ ఒకటి పట్టుకుని వచ్చి, అడక్కుండానే లోపలికి దూరి కూర్చున్నాడు.

"కోపమా అక్కా?"

"కోపమెందుకు. నీ కొండ, నీ టైము."

"నేను ఆ కొండకి ఆరుసార్లు వచ్చాను. పైదాకా పోయింది రెండుసార్లు."

"తక్కిన నాలుగుసార్లు?"

"అక్కడి నుంచే వెనక్కి. నువ్వు కూర్చున్నచోటి నుంచే."

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "నువ్వూ కూర్చున్నావా?"

"మొదటిసారి కూర్చున్నాను. అప్పుడు మా నాన్న గైడు. చెంప మీద ఒక్కటిచ్చి లేపాడు."

జిప్పులమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుకి ఆయాసం వచ్చి, దగ్గు వచ్చి, గైడు కంగారుపడి నీళ్ళిచ్చాడు. గుడారం జిప్పు తెరిచి చూస్తే శిఖరం లేదు. ఆ రోజు ఒంటిగంటకు కొండను మింగిన మబ్బు ఇప్పటిదాకా దాన్ని వదల్లేదు. పైన గాలి హోరు ఇక్కడికి వినబడుతోంది. ఆమె దానివైపు చూసి, అతని సంచీ తీసుకుని సూదిలో దారం ఎక్కించింది.

ఇంటికొస్తూ వీధి మొగలోనే ఆగిపోయింది. మెట్ల కింద కొట్టు మీద నిలువెత్తు గుడ్డ బ్యానరు. "హిమాలయ శిఖరాన్ని జయించిన మన జిప్పులమ్మ." మొగుడు చేయించాడు, ఆమె బయల్దేరిన వారానికే. దాని కింద నిలబడి వచ్చేపోయేవాళ్ళకి ఆమె శిఖరం మీద ఏం చేసిందో నెల రోజులుగా వర్ణిస్తున్నాడట. వీధిలో సగంమందికి ఆమె కన్నా ముందే ఆ కథ వచ్చు.

"నేను పైదాకా వెళ్ళలేదండీ" అంది.

"ఎంత దూరంలో ఆగావు?"

"నలభై నిమిషాలు."

"నలభై నిమిషాలంటే బస్సు లేటు కిందికే రాదు. ఉండనీ."

ఆమె ఉండనివ్వలేదు. స్టూలు వేసుకుని బ్యానరు దింపింది. అదే రంగు దారంతో, "జయించిన" ముందు జాగా చేసి, "దాదాపు" అని ఒక అతుకు కుట్టింది. అక్షరాలు అచ్చు కన్నా అందంగా కుదిరాయి. మళ్ళీ తనే కట్టింది. మొగుడు స్టూలు పట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని. దాదాపు జయించడమంటే ఏమిటని ఒక లెక్చరరు గారు వాదనకి దిగారు. నెత్తి కొట్టుకున్నాక ఆ వాదన ఆపేశారు. అత్తగారు మాత్రం కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అర్ధచంద్రాకారపు జిప్పు సమయానికి పనిచేసిందా లేదా అని ఆరా తీసి, పనిచేసిందని విని తృప్తిపడింది.

మరుసటి ఏడు ఆమె మోకాలు మొరాయించింది. డాక్టరు ఒక్కడే వెళ్ళాడు. ఈసారి మబ్బు రాలేదు. ఆ నలభై నిమిషాలూ నడిచి, పైన నిలబడి, ఫోటో దిగి వచ్చాడు. వచ్చిన రోజే తెచ్చి చూపించాడు. ఆమె ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. బాగుందంది. మంచినీళ్ళిచ్చింది. ఆయన వెళ్ళాక మాత్రం ఆ పూటంతా ఆయన మీద కోపంగానే ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకీ రెట్టింపు చీవాట్లు పడ్డాయి. సాయంత్రానికి తగ్గింది. కొట్టు కట్టేసి, తిన్నగా క్లినిక్‌కి వెళ్ళి, రోగులందరూ కూర్చున్న చోట తనూ కూర్చుని, తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళి, "ఇప్పుడు చెప్పండి డాక్టరు గారూ, మొదట్నుంచీ చెప్పండి, ఆ గట్టు మీద నడక ఎలా ఉంది?" అని అడిగింది.